పాత బోస్టన్ వేలర్ కొనాలా? పదమూడు అడుగులదా, మాంటాక్ పదిహేడా?

బోస్టన్ వేలర్ అనే అమెరికన్ కంపెనీ తయారుచేసిన పాత మోటారు బోటు కొందామని అమెరికాలో ప్రకటనలు వెతికేవాళ్లలో చాలామంది చివరికి రెండు బోట్ల దగ్గర ఆగిపోతారు. ఒకటి 13 అడుగుల చిన్న వేలర్. రెండోది 17 అడుగుల మాంటాక్. రెండూ ఫైబర్‌గ్లాస్‌వే, రెండిటికీ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారే. చూడ్డానికి తల్లీపిల్లల్లా ఉంటాయి కాబట్టి, డబ్బు సరిపోతే పెద్దది, లేకపోతే చిన్నది అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. ఆ లెక్క నాకు నచ్చదు. పెద్దది కొని, దాన్ని రోడ్డు మీదికి తీయాలంటేనే బద్ధకం వేసి, వేసవంతా పెరట్లో టార్పాలిన్ కింద ఉంచేవాళ్లున్నారు. చిన్నది కొని, పిల్లలు కాస్త ఎదగగానే కూర్చోడానికి చోటు చాలక అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ కొన్నది మంచి బోటే. తమ నీళ్లకూ తమ ఇంటికీ సరిపడేది కాదు, అంతే.

ముందొక జాగ్రత్త. ఇక్కడ మాట్లాడేది పాత హల్ (అడుగు, పక్కలు కలిసిన బోటు ఒళ్లు) గురించి. 2000ల తొలి ఏళ్లలో వచ్చిన 170 మాంటాక్‌కి పేరు కలుస్తుంది కానీ అది వేరే బోటు. వెడల్పు ఎక్కువ, బరువు చాలా ఎక్కువ. ప్రకటనలో ఉత్త 'మాంటాక్' అని ఉంటే ఏ సంవత్సరానిదో మొదట అడగండి. 1972 చివర్నుంచి అమెరికాలో తయారైన ప్రతి బోటుకీ వెనక గోడ మీద, కుడివైపు, ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. వేలర్ అయితే అది బీ-డబ్ల్యూ-సీ అక్షరాలతో మొదలవుతుంది. చివరి అంకెల్లో తయారైన సంవత్సరం తెలుస్తుంది. అమ్మేవాళ్ల మాటకీ ఈ సంఖ్యకీ పొంతన లేకపోతే అక్కడే ఆగండి.

రెండిటిలోనూ ఒకటే అయినది

1958లో ఈ కంపెనీ పెట్టిన డిక్ ఫిషర్ మొదటి 13 అడుగుల వేలర్‌ని మార్కెట్లోకి తెచ్చాడు. హల్ రూపం మీద ఆయనతో కలిసి పనిచేసింది బోట్ల రూపకర్త రే హంట్. లోపలి ఫైబర్‌గ్లాస్ పొర, బయటి ఫైబర్‌గ్లాస్ పొర, రెండిటి మధ్య ఫోమ్. ద్రవంగా పోసిన ఫోమ్ ఉబ్బి గట్టిపడి రెండు పొరల్నీ ఒకే ముక్కగా పట్టేస్తుంది. 1961లో లైఫ్ పత్రిక వేసిన ఫొటోలతో ఈ బోటు పేరు ఇంటింటికీ చేరింది. ఫిషర్ బోటులో కూర్చుని ఉండగానే దాన్ని రంపంతో అడ్డంగా రెండు ముక్కలు చేశారు. ఆయన మోటారున్న సగంలో నీళ్ల మీద వెళ్లిపోయాడు.

అంటే మునగకపోవడం అనే విషయంలో ఈ రెండిట్లో ఎక్కువ తక్కువల్లేవు. అంచుల దాకా నీళ్లు నిండినా రెండూ తేలతాయి. కానీ అమ్మేవాళ్లు ఈ ఒక్క మాటే పదేపదే చెబుతుంటే కొంచెం నిదానించండి. మునగని బోటులోంచి కూడా మనిషి నీళ్లలో పడతాడు. పిల్లలున్నవాళ్లు ఫోమ్ గురించి కాక, పక్క గోడలు ఎంత ఎత్తున్నాయి, పట్టుకోడానికి కమ్మీ ఉందా అని చూడాలి. అక్కడ ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

బోటు చూసేముందు తేల్చుకోవలసినవి

మొదటిది నీళ్లు. సరస్సు పెద్దదా చిన్నదా అన్నది సగం ప్రశ్న. గాలి వీచే దిక్కులో అడ్డు లేకుండా నీళ్లు ఎంత దూరం పరుచుకుని ఉన్నాయన్నది అసలు ప్రశ్న. వంకర టింకరగా కొండల మధ్య ఉన్న పెద్ద జలాశయంలో అల లేవడానికి చోటుండదు. అదే లోతు తక్కువగా, బల్లపరుపుగా ఉన్న ఓ మోస్తరు సరస్సులో మధ్యాహ్నం గాలి తిరిగితే అరగంటలో చిన్నచిన్న నిటారు అలలు లేస్తాయి. చిన్న బోటుని కొట్టేవి ఇవే. పొడవుగా, నిదానంగా వచ్చే అల దాన్ని పైకెత్తి దించుతుంది. పొట్టిగా, దగ్గరదగ్గరగా వచ్చే అల గుద్దుతుంది. మీరు వెళ్లే చోట మధ్యాహ్నం మూడింటికి బోట్లు నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర నిలబడి ఓ గంట చూడండి. ఏ కేటలాగూ చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది.

రెండోది మనుషులు. ఎప్పుడైనా వచ్చే చుట్టాల్ని లెక్కలోకి తీసుకోవద్దు. పదిసార్లు వెళ్తే ఎనిమిదిసార్లు ఎంతమంది ఎక్కుతారో అదే లెక్క. బోటు లోపల సామర్థ్యం ప్లేటు (ఎంతమంది, ఎంత మోటారు అని రాసి ఉండే రేకు) ఉంటే అదే ఆఖరి మాట. చాలా పాత బోట్లలో ప్లేటు ఉండదు. అలాంటప్పుడు అమెరికా కోస్ట్ గార్డ్ చెప్పే సూత్రం ఒకటుంది: పొడవుని వెడల్పుతో హెచ్చించి, రెండూ అడుగుల్లోనే, 15తో భాగించడం. 13కి నాలుగున్నర దాటుతుంది, అంటే నలుగురు. 17కి ఏడుకి కాస్త తక్కువ, అంటే ఆరుగురు. ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు, ఉంటారన్న లెక్క ఇది. అంతకన్నా బరువైనవాళ్లుంటే తల ఒకటి తగ్గించుకోండి. ఇది కూడా నిశ్చలమైన నీళ్లకే. అల లేచిన రోజున 13లో నలుగురు పెద్దవాళ్లు ఎక్కడం నేను ఒప్పుకోను.

మూడోది, బోటు నీళ్లలో దించేది ఎవరు? ఒక్కరేనా, సాయానికి ఇంకొకరుంటారా? నాలుగోది, ఉంచే చోటూ లాగే కారూ. నా వరకు మొదటి రెండే నిర్ణయిస్తాయి. తరవాతి రెండూ తూకం సమానంగా ఉన్నప్పుడు అటో ఇటో మొగ్గడానికి పనికొస్తాయి.

| విషయం | వేలర్ 13 | మాంటాక్ 17 |
|---|---|---|
| అసలు పొడవు | 13 అడుగుల 4 అంగుళాలు | 16 అడుగుల 7 అంగుళాలు |
| వెడల్పు | 5 అడుగుల 5 అంగుళాలు | 6 అడుగుల 2 అంగుళాలు |
| మోటారు లేకుండా బరువు | సుమారు 145 కిలోలు | సుమారు 410–430 కిలోలు |
| గరిష్ఠ మోటారు | 40 హెచ్‌పి | 100 హెచ్‌పి |
| సూత్రం ప్రకారం మనుషులు | 4 | 6 |
| మోటారు, పెట్రోలు, ట్రైలర్ కలిపి రోడ్డు మీద | సుమారు 400–500 కిలోలు | సుమారు 1,000–1,100 కిలోలు |
| నడిపే తీరు | వెనక కూర్చుని టిల్లర్ (మోటారు తిప్పే చేతికర్ర) పట్టుకుని, లేదా పక్క కన్సోల్ (స్టీరింగ్ ఉండే గద్దె) దగ్గర | మధ్య కన్సోల్ దగ్గర నిలబడి |

పొడవులో తేడా మూడడుగుల పైచిలుకే. బరువులో మాత్రం దాదాపు మూడు రెట్లు. ఈ బోట్ల గురించి తరవాత చెప్పేదంతా ఆ బరువు దగ్గర్నుంచే వస్తుంది.

13: తేలిక, దాని ఖరీదు

దీని గుణమంతా తేలికతనమే. ఒక్కరే ట్రైలర్ వెనక్కి పెట్టి, తాడు పట్టుకుని, బోటు దించి, కారు ఆపుకుని వచ్చేయొచ్చు. చిన్న కారు కూడా లాగుతుంది, కారు తయారీదారు ఒప్పుకున్న బరువులోపే ఉందో లేదో చూసుకుంటే చాలు. ట్రైలర్ ముందు కర్రతో కలిపినా మామూలు గ్యారేజీలో పట్టేస్తుంది. ఇది చిన్న సదుపాయంలా కనిపిస్తుంది కానీ బోటు బతుకుని మార్చేది ఇదే. గ్యారేజీలో ఉన్న బోటుకి ఎండ తగలదు, వాన తగలదు. ఆఫీసు నుంచి వచ్చాక సూర్యాస్తమయానికి రెండు గంటలుంటే కూడా వెళ్లిరావచ్చు. మోటారు కాలు పైకెత్తితే అరడుగు నీళ్లలో కూడా తేలుతుంది. ఇసుక ఒడ్డుకి ముక్కు ఆనించి దిగిపోవడం దీనికి సహజం.

ఆ తేలికతనానికే మూల్యం కూడా ఉంది. ఎదురుగాలిలో అడుగెత్తు అల లేస్తే 13 గుద్దుకుంటూ వెళ్తుంది. వెన్నునొప్పి ఉన్నవాళ్లు దీన్ని కొనొద్దని గట్టిగా చెబుతాను. వేగం తగ్గించి, బరువు ముందుకి జరిపి, ముక్కు కిందికి ఉండేలా మోటారు కోణం సర్దితే కొంత ఊరట దొరుకుతుంది. అయినా తుంపర పడుతూనే ఉంటుంది. 1970ల తొలినాళ్లలో హల్ రూపం మార్చారు కాబట్టి అంతకు ముందువాటికన్నా తరవాతివి కాస్త పొడిగా ఉంచుతాయి. కాస్తే. తడవడం ఇష్టంలేని మనిషిని 13 ఎక్కించి మెప్పించలేరు.

ఇంకో సంగతి, దీన్లో మనుషుల బరువే బోటుని నడిపిస్తుంది. హల్ 145 కిలోలైతే ఇద్దరు పెద్దవాళ్లు కలిసి అంతే ఉంటారు. ఒకరు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి జరిగితే బోటుకి తెలుస్తుంది. నేర్చుకునేవాళ్లకి ఇది మంచి బడి. బరువు ఎక్కడుంటే బోటు ఏం చేస్తుందో, అల వెనకనుంచి వస్తే ఏం చేయాలో చేతికే తెలిసిపోతుంది. పదిహేనేళ్ల పిల్లకి నేర్పాలంటే, 25 హెచ్‌పి మోటారుతో, గాలి లేని పొద్దున, 13 కన్నా మంచి బోటు చూపించలేను.

చాలా పాత 13ల్లో కూర్చునే బల్లలు మహాగనీ చెక్కవి. వార్నిష్ పోయి నల్లబడితే మళ్లీ గీకి పూయాలి. చేసుకునేవాళ్లకి ఆ పని ఆనందమే. ఆ ఓపిక లేనివాళ్లు ఫైబర్‌గ్లాస్ లోపలి భాగం ఉన్న తరవాతి ఏళ్లవి వెతకండి.

మాంటాక్ 17: నిలబడి నడిపే బోటు

మాంటాక్ ఎక్కగానే తెలిసే తేడా ఏమిటంటే, మీరు నిలబడతారు. మధ్యలో కన్సోల్, దాని వెనక వీపు అటూ ఇటూ తిప్పుకునే సీటు, చుట్టూ నడవడానికి దారి, ముందు స్టీలు కమ్మీ. నిలబడితే దూరం కనిపిస్తుంది, మోకాళ్లు గుద్దుళ్లని మింగుతాయి. చేపలు పట్టేవాళ్లకి బోటు చుట్టూ తిరిగే వీలుండటం చాలా పెద్ద మాట. గాలం లాగుతూ వెనకనుంచి ముందుకి నడవాలంటే 13లో ఒకరిమీద ఒకరు పడాల్సిందే.

అలల సంగతికొస్తే, 17 కూడా గుద్దుతుంది. పెద్ద బోటు కాబట్టి మెత్తగా వెళ్తుందనుకుని కొంటే నిరాశ పడతారు. దీని అడుగుభాగం లోతైన V ఆకారం కాదు. ఆగి ఉన్నప్పుడు ఒరిగిపోకుండా స్థిరంగా నిలవడానికి పక్కలకి కూడా బలం పంచిన రూపం. ఆ స్థిరత్వం అద్భుతంగా ఉంటుంది, ముగ్గురు ఒకే పక్కకి వచ్చి చేప చూసినా బోటు కంగారుపడదు. అయితే ఎదురల మీద వేగంగా వెళ్తే దాన్ని అనుభవించాలి. నా అంచనాలో 13 అయితే అడుగెత్తు అల దగ్గరే వెనక్కి తిరగాలి. 17 రెండడుగుల దగ్గర నిదానంగా, జాగ్రత్తగా ఇల్లు చేరుస్తుంది. అంటే మధ్యాహ్నం గాలి లేచాక కూడా ఆ రోజు పాడవకుండా మిగులుతుంది.

కష్టం ఒడ్డున ఉంటుంది. రోడ్డు మీద టన్ను బరువు. చిన్న కారుతో అవదు. ట్రైలర్‌తో కలిపి ఇరవై అడుగులు దాటుతుంది కాబట్టి మామూలు గ్యారేజీలో పట్టదు, ముందు కర్ర మడిచే ట్రైలరైతే కొన్నిట్లో పట్టొచ్చు. చాలా ఊళ్లలో ఇంటి సంఘాలు వాకిట్లో బోటు ఉంచనివ్వవు, అద్దెకి చోటు చూసుకోవాలి. ఒక్కరే దించడం సాధ్యమే కానీ గాలిలో పక్కకి కొట్టుకుపోతుంటే చేత్తో పట్టి ఆపడం 13తో వీలైనంత సులువు కాదు. కేవలం ఇందుకే నీళ్లలోకి దిగడం తగ్గిపోతుంది. మీరు ఒంటరిగా వెళ్లే మనిషైతే దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

మోటారు

చాలామంది హల్ చూసి ముచ్చటపడి మోటారుని తరవాత ఆలోచిస్తారు. వాడిన బోటులో డబ్బు ఎక్కువగా మోటారులోనే ఉంటుంది.

13కి 40 హెచ్‌పి పెట్టొచ్చని ప్లేటు మీద ఉంటుంది. పెట్టమని కాదు. పాత రెండు స్ట్రోకుల 40 తేలిగ్గా ఉండేది. ఇప్పటి నాలుగు స్ట్రోకుల 40 వంద కిలోల దగ్గరికి వస్తుంది. 145 కిలోల బోటు వెనక వంద కిలోలు వేలాడదీసి, పక్కనే నడిపేవాళ్లు కూర్చుని, వాళ్ల కాళ్ల దగ్గర పెట్రోలు ట్యాంకు పెడితే ముక్కు ఆకాశాన్ని చూస్తుంది. ఇప్పటి 25 హెచ్‌పి మోటార్లు 60 కిలోల చుట్టుపక్కల వస్తున్నాయి. ఇద్దరితో గంటకి 40 కిలోమీటర్ల దాకా పరుగెత్తిస్తాయి. 13కి నేనైతే అదే పెడతాను. కొనేముందు వెనక గోడ ఎత్తు టేపుతో కొలవండి. పాత 13లు ఎక్కువగా 15 అంగుళాల పొట్టి షాఫ్ట్ (ప్రొపెల్లర్ దాకా దిగే కాలు) మోటారుకి తగినవి. 17కి 20 అంగుళాలది కావాలి. తప్పు షాఫ్ట్ మోటారు ఎంత చవకగా వచ్చినా వద్దు.

17కి 90 హెచ్‌పి అందరూ కోరుకునేది. ఇప్పటి నాలుగు స్ట్రోకుల 90లు 160 కిలోల దగ్గర ఉంటాయి, పాత రెండు స్ట్రోకులవి 120 కిలోల దగ్గర. ఈ హల్ గీసింది ఆ పాత బరువులు ఉన్న రోజుల్లో. ఇప్పటి 70 హెచ్‌పి నాలుగు స్ట్రోకుల మోటార్లలో 115–120 కిలోల్లో వచ్చేవి ఉన్నాయి. కుటుంబంతో తిరగడానికి, చేపలకి 70 సరిపోతుంది, బోటు కూడా వెనక్కి కూరుకుపోకుండా తన తీరులో ఉంటుంది. నలుగుర్ని ఎక్కించుకుని, వెనక గాలి ట్యూబులో ఇంకొకర్ని కూర్చోబెట్టి లాగాలనుకునేవాళ్లకే 90. ఇక 115 తగిలించిన పాత 17 అమ్మకానికి కనిపిస్తే, అది ప్లేటు మీద ఉన్న 100ని దాటేసింది. ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు, వెనక గోడకి బరువు. అలాంటిది వదిలేయడమే మంచిది.

ఖర్చు అంచనాకి ఒక మోటు లెక్క ఉంది. పూర్తి వేగంతో పోతున్నప్పుడు హెచ్‌పిలో పదో వంతు గ్యాలన్లు గంటకి కాలతాయి. 25కి రెండున్నర, 90కి తొమ్మిది. మామూలు వేగంతో పోతే దాంట్లో సగానికి అటూ ఇటూ. ఇక ఏ మోటారులోనూ 15 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయకండి. అమెరికాలో బోటు మోటార్లకి దాని వాడకం నిషిద్ధం.

పాత హల్‌ని పరీక్షించడం

13 అయినా 17 అయినా, అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటే: లోపలి ఫోమ్ పొడిగా ఉందా? పొరల మధ్య ఫోమ్ ఉండటమే ఈ బోటు బలం. నీళ్లు చేరితే అదే బలహీనత. స్క్రూ వేసి సీలు చేయని ప్రతి రంధ్రమూ ఒక దారి. చేరిన నీరు ఫోమ్ లోంచి తేలిగ్గా బయటికి రాదు. చలి దేశాల్లో గడ్డకట్టి పొరల్ని విడదీస్తుంది కూడా.

నీళ్లున్నాయో లేదో తెలియాలంటే తూకమే సాక్షి. లారీలు తూచే కాటా దగ్గరికి బోటునీ ట్రైలర్‌నీ తీసుకెళ్లి తూయించండి. బోటు దించాక ఖాళీ ట్రైలర్‌ని మళ్లీ తూయించండి. తేడాలోంచి మోటారు, బ్యాటరీ, పెట్రోలు తీసేయండి. పెట్రోలు గ్యాలన్‌కి 6 పౌండ్లకి కాస్త పైన. మిగిలింది పై పట్టికతో పోల్చండి. 13లో ఇరవై ముప్పై కిలోల తేడా వస్తే బల్లలూ కమ్మీలూ కారణం కావచ్చు. వంద కిలోలు తేడా వస్తే అది నీళ్లే. ఇలా తూయించడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

తరవాత వెనక గోడ. దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. మోటారుని పైకెత్తి, దాని కింది కాలి మీద మీ బరువు మోపి కిందికి నొక్కండి. ఇంకొకరు వెనక గోడని చూస్తూ ఉండాలి. గోడ వంగినా, మోటారు బోల్టుల చుట్టూ గోధుమరంగు నీరు చెమర్చినా, మూలల్లో జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది మెరిసే పూత) పగిలి ఉన్నా లోపల చెక్క పుచ్చుతోందని అర్థం. ఇది బాగు చేయించడం చిన్నపని కాదు.

మూడోది చాలామంది చూడరు. పాత వేలర్లలో నీళ్లు బయటికి పోయే గొట్టాలు ఇత్తడివి. అవి హల్ లోంచి, ఫోమ్ మధ్యగా వెళ్తాయి. దశాబ్దాల్లో తుప్పుపట్టి చిల్లులు పడి ఫోమ్‌కి నీళ్లు తాగిస్తాయి. టార్చి వేసి గొట్టంలోకి చూడండి. పచ్చగా, పెచ్చులుగా ఉంటే మార్పించాలి. మార్చడం తేలిక. కానీ అప్పటిదాకా లోపల ఎంత నీరు చేరిందో తెలుసుకోడానికి మళ్లీ కాటా దగ్గరికే వెళ్లాలి.

నేల మీద నాణెంతో తట్టుకుంటూ పోండి. గట్టిగా టకటకమంటే మంచిది. బోలుగా, మొద్దుగా మోగిన చోట పొర విడిపోయి ఉండొచ్చు. జెల్‌కోట్ మీది సన్నని గీతలు, వెలిసిన రంగు, గీసుకుపోయిన అంచులు చూసి భయపడక్కర్లేదు. అవి వయసు గుర్తులు. అన్నిటికన్నా మెరుస్తూ, కొత్తగా రంగు వేసిన హల్‌నే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి, ఆ రంగు కింద ఏ పాత పగులు ఉందో తెలియదు. కొన్నాక మీరు ఏదైనా బిగించాల్సివస్తే, లోపల ఎక్కడెక్కడ చెక్క ఉందో చూపించే పటాలు కంపెనీ గీసి పెట్టింది. అవి చూసి, చెక్క ఉన్నచోటే స్క్రూ వేయండి. ఉత్త ఫోమ్‌లో స్క్రూ నిలవదు.

నా ఎంపిక క్రమం ఇందువల్లే ఇలా ఉంటుంది. పొడి 17, తరవాత పొడి 13. తడిసిన 17 ఎంత చవకైనా, ఎంత మంచి మోటారుతో వచ్చినా, దాని కన్నా పొడి 13 మేలు.

రూల్స్‌లో తేడా

అమెరికా సమాఖ్య నియమాలు 16 అడుగుల దగ్గర గీత గీశాయి. 13 దానికి ఇవతల, 17 అవతల. 16 అడుగులు, ఆపైన ఉన్న బోటులో తలా ఒక లైఫ్ జాకెట్‌తో పాటు, నీళ్లలో పడినవాళ్లకి విసరడానికి తేలే కుషనో రింగో కూడా ఉండాలి. తీర జలాల్లో 17కి పగలూ రాత్రీ రెండిటికీ సాయం కోరే ప్రమాద సంకేతాలు కావాలి, 13కి రాత్రివేళకి మాత్రమే. రెండింటికీ సమానమైనవి కూడా ఉన్నాయి. కదిలే బోటులో 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి, 26 అడుగుల లోపు బోట్లలో ఇంజన్ ఆపే స్విచ్ అమర్చి ఉంటే, నడిపేవాళ్లు వేగంగా వెళ్లేటప్పుడు ఆ తాడు తగిలించుకోవాలి. రాష్ట్రాల నియమాలు వీటికి అదనం. 13కి విసిరే కుషన్ చట్టం అడక్కపోయినా ఒకటి పెట్టుకోండి.

ఎవరికి ఏది

ఇద్దరు పిల్లలున్న జంట, పెద్ద సరస్సు దగ్గర ఉండి, వారాంతంలో అందరూ కలిసి వెళ్లాలనుకుంటే 17 తీసుకోండి. 13లో పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నంతకాలం సరిపోతుంది, ఆపైన చాలదు. పక్క గోడలు పొట్టివి, పట్టుకోడానికి కమ్మీలు తక్కువ. పిల్లలు నిలబడకుండా ఉండరు. వాళ్లని కూర్చోమని అరుస్తూ గడిపే రోజు ఎవరికీ సెలవు కాదు.

ఒక్కరే, లేదా ఎప్పుడూ ఆ ఒక్క స్నేహితుడితోనే, నదిలోనో కొండల మధ్య జలాశయంలోనో చేపలకి వెళ్లేవాళ్లకి 13 చాలు. చాలు అన్న మాట తక్కువ చేసి అనడం లేదు. పొద్దున ఆరింటికి నీళ్లలో ఉండి తొమ్మిదింటికి ఇంటికి వచ్చేసే మనిషికి 17 బరువే.

సముద్రపు అఖాతంలో తిరిగేవాళ్లకి, అలలు, పోటు, ఓడల కెరటాలు ఉన్నచోట, 13 వద్దు. 17 కూడా మంచి వాతావరణంలోనే. పోటు గాలికి ఎదురుగా పారే గంటల్లో అల ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, ఆ వేళలు తెలుసుకుని వెళ్లండి.

అరవై దాటినవాళ్లు రెండు బోట్లూ ఎక్కి చూడాలి, ఎందుకంటే ఇక్కడ సమాధానం ఒకటి కాదు. 17లో నిలబడి నడపడం నడుముకి హాయి. కానీ దాన్ని ఒడ్డుకి చేర్చి, ట్రైలర్ ఎక్కించి, కట్టడం చేతులకి కష్టం. 13 ఒడ్డున హాయి, అల మీద నడుముకి శిక్ష. మెరీనాలో చోటు అద్దెకి తీసుకుని బోటు ఎప్పుడూ నీళ్లలోనే ఉంచేవాళ్లకి ఒడ్డు కష్టం పోతుంది కాబట్టి 17 వైపే మొగ్గండి. అలా ఉంచితే అడుగుకి నాచు పట్టకుండా యాంటీఫౌలింగ్ రంగు వేయించాలి, ఆ ఖర్చు కలుపుకోండి.

మీ నీళ్లలో ఎక్కువ రోజులు రెండడుగుల పైన అల ఉంటుందంటే ఈ రెండూ వదిలేయండి. ఆ నీళ్లకి లోతైన V అడుగు ఉన్న, కనీసం పద్దెనిమిది ఇరవై అడుగుల బోటు కావాలి. ఆ V రూపాన్ని ప్రపంచానికి చూపింది కూడా రే హంటే. 1960లో మయామీ–నసావ్ పందెంలో మోపీ అనే బోటు పెద్ద అలల్లో గెలిచినప్పుడు అందరి కళ్లూ దాని అడుగు మీద పడ్డాయి. అది ఆగి ఉన్నప్పుడు ఎక్కువ ఊగుతుంది, ఎక్కువ మోటారు అడుగుతుంది, ఎక్కువ పెట్రోలు తాగుతుంది. కానీ అలని చీల్చుకుంటూ వెళ్తుంది.

ఈ రెండిట్లో ఒకటి ఖాయమనుకున్నాక, డబ్బు ఇచ్చేముందు నీళ్ల మీద నడిపి చూడండి. గాలి లేని పొద్దున్న ఏ బోటైనా బాగుంటుంది కాబట్టి, అమ్మేవాళ్లని మధ్యాహ్నం కలవండి. మీతో మామూలుగా వచ్చేవాళ్లందర్నీ ఎక్కించండి. గాలికి ఎదురుగా పది నిమిషాలు, అలల్ని పక్కకి తీసుకుని పది నిమిషాలు నడపండి. తరవాత మోటారు ఆపి కాసేపు ఊరికే తేలుతూ, అందర్నీ ఒక పక్కకి రమ్మనండి. తిరిగొచ్చి ట్రైలర్ ఎక్కించే పని అమ్మేవాళ్లకి వదలకుండా మీరే చేయండి. ఆ బోటుతో ప్రతిసారీ చేయబోయే పని అదే.